కాస్త ఆ చాకు ఇలా ఇస్తారా

మా ఇంటికి కొరియర్ పొట్లం వచ్చిందంటే నాకు చిరాకు మొదలు. పొట్లం మీద కాదు, దాన్ని విప్పే తీరు మీద. మా అబ్బాయి స్కూటర్ తాళంచెవితో పొడుస్తాడు. కోడలు టేపు అంచు గోటితో గీకి గీకి, చివరికి కత్తెర కోసం ఇల్లంతా వెతుకుతుంది. మనవడు ఏకంగా పళ్లే పెట్టేస్తాడు. ఎదురుగా కుర్చీలో నేను, నా లాల్చీ జేబులో చాకు. అయినా నోరెత్తను. అడగాలి. "తాతయ్యా, కాస్త ఆ చాకు..." అన్న మాట చెవిన పడ్డాకే తాపీగా తీసి, తెరిచి, టేపు మీద ఒక్క గీత. సర్రుమని తెగుతుంది. ఆ సర్రు కోసమే రోజంతా దాన్ని మోస్తున్నానంటే నాకు సిగ్గేమీ లేదు.

సినిమాల పుణ్యమా అని చాకు అనగానే జనానికి రాంపురి గుర్తొస్తుంది. "ఏంటి మాస్టారూ, రౌడీయిజం మొదలెట్టారా?" అని నవ్విన మనిషే గంట తిరక్కుండా జామకాయ పట్టుకుని వస్తాడు. మన ఆయుధాల నిబంధనలు 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు దాటిన అలుగుల గురించి మాట్లాడతాయి. నాది 8 సెంటీమీటర్లు. దీంతో నేను బెదిరించగలిగింది జామకాయనే.

స్విస్ చాకు మీద నాకు గౌరవం ఉంది, ప్రేమ లేదు. కార్ల్ ఎల్సెనర్ 1897లో ఆ అధికారుల చాకుకి హక్కులు తీసుకున్నాడు, గొప్పవాడే. కానీ అందులో ఉన్నవన్నీ బయటికి లాగితే బుట్టలోంచి తప్పించుకున్న పీతలా ఉంటుంది. పళ్లపుల్ల మొదటి నెలలోనే పోతుంది. మిగిలినవాటిలో సగం ఎందుకో తెలియకుండానే మనిషి జీవితం గడిచిపోతుంది. నాది ఒపినెల్, 7వ నంబరు. ఒక అలుగు, ఒక కర్ర పిడి, అంతే. ఫ్రాన్సులో సవోయ్ కొండల్లో, పనిముట్లు చేసే కమ్మరి ఇంట పుట్టిన జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన చాకు. అలుగు వేళ్ల మీద మూసుకోకుండా మెడ దగ్గర తిప్పే ఉంగరం 1955లో వచ్చింది. వానాకాలం మా కాకినాడ గాలికి పిడి ఉబ్బి, అలుగు బిగుసుకుపోతుంది. అప్పుడు గోటితో కుస్తీ పట్టకూడదు. ఉంగరం వదులు చేసి, పిడి మడమని బల్ల అంచుకి టక్కున తడితే అలుగు తల బయట పెడుతుంది. అది సవోయ్ వాళ్ల చిట్కా. స్టెయిన్‌లెస్‌ది కూడా దొరుకుతుంది గానీ నాకు మామూలు ఉక్కే కావాలి. మామిడికాయ కోస్తే నల్లబడాలి, తుడవకపోతే తుప్పు పట్టి నన్ను తిట్టాలి.

నా మొదటి ఒపినెల్ ఒక విమానాశ్రయంలో పోయింది. పెట్టెలో వేయడం మరిచి జేబులో ఉంచుకున్నాను, తప్పు నాదే. అయినా ఆ అమ్మాయి దాన్ని రెండు వేళ్లతో చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు పట్టుకుని, లైటర్లూ కత్తెరలూ ఉన్న డబ్బాలో పడేసింది. టప్‌మని చప్పుడైంది. తొమ్మిదేళ్లయింది. ఆ చప్పుడు మాత్రం పోలేదు.

రాతకోతలు చేసేవాడికి చాకెందుకని అడుగుతారు. పక్షి ఈక చివర చెక్కుకోవడానికి ఇంగ్లీషు గుమాస్తా దగ్గర చిన్న చాకుండేది. మన తాటాకుల కాలంలో కొన్ని గంటాలకి ఒక పక్క రాసే మొన, ఇంకో పక్క ఆకు అంచులు కోసే మడత చాకు. రాతా కోతా ఒకే పిడికి.

మా తాతయ్యకి జేబే లేదు, పంచె కట్టు. ఆయన చాకు మొలతాడుకి వేలాడేది, పక్కన ముల్లు తీసే పట్టకారుతో సహా. పిడి కొమ్ముది, అలుగు అరిగి అరిగి చింతాకంత సన్నబడింది. వేపపుల్ల, చుట్ట మొదలు, గేదె పలుపు, మా అరికాళ్లలో తుమ్మముళ్లు, అన్నిటికీ అదే. వేసవిలో మాత్రం దానికి పండగ. బంగినపల్లిని చెంప వారగా కోసి, ముక్క అలుగు మీదే నోట్లో వేసుకునేవాడు. మేం అడిగితే "నాలిక తెగుద్దిరా" అని చేతికిచ్చేవాడు. రసాన్ని మాత్రం చాకు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. రసాన్ని పిసికి జుర్రుకోవాలి గానీ కోసుకుతినేవాడితో నాకూ మాటల్లేవు.

ఆయన పోయాక పొలం కొలిచారు, ఇత్తడి తూచారు. చాకు ఏ లెక్కలోకీ రాలేదు. మొన్న విశాఖలో ఎనభై దాటిన మా మేనత్త వంటింట్లో కనబడింది. పాలప్యాకెట్ మూల కోస్తోంది దాంతో. మొన విరిగింది, కొమ్ము పిడికి వైరు చుట్టి ఉంది.

"అత్తా, అది నాకిచ్చెయ్యవే" అన్నాను.

"కత్తి చేతికివ్వకూడదురా, పోట్లాటలొస్తాయి."

"అయితే ఆ గట్టు మీద పెట్టు, నేనే తీసుకుంటాను."

అత్త దాన్ని కడిగి, చెంగుతో తుడిచి, మడిచి బొడ్డున దోపుకుంది. "కాఫీలో పంచదార ఎంత వెయ్యమంటావు?" అంది.