మా కానుగ మీద మోపిన నేరం

మొన్న శనివారం అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్ళాం. గాలిగోపురం దాటి కాస్త దూరం వెళ్ళాక ఆకుల వాసన గుప్పుమంది. "అబ్బ, ఈ గాలే సగం మందు" అన్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న మా పాప నవ్వింది. "ఆ వాసనలో ఉండేవి హైడ్రోకార్బన్లే అమ్మా. పెట్రోలుకు చుట్టాలు!"

నాకు తెలుగు పద్యం చెప్పినంత సులువుగా కెమిస్ట్రీ ఎక్కదు. మెట్టు మెట్టుకూ అడుగుతూ పోయాను. వాసనిచ్చేవి టెర్పీన్లంట. నీలగిరి ఆకు నలిపితే వచ్చే ఘాటు అవే. అంతకంటే ఎక్కువగా వచ్చేది ఐసోప్రీన్, అది మన ముక్కుకు పెద్దగా తెలియదు. మండే ఎండను తట్టుకోవడానికి చాలా చెట్ల ఆకులు పగటిపూట దాన్ని వదులుతాయి, చీకటి పడితే ఆపేస్తాయి. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 50 కోట్ల టన్నుల దాకా ఉంటుందంట, అందులో ఎక్కువ భాగం మనలాంటి వేడి దేశాల అడవులదే. దూరపు కొండలు నీలంగా కనిపించడానికి ఈ చెట్ల ఆవిర్లూ ఒక కారణమని 1960లోనే ఫ్రిట్స్ వెంట్ అనే ఆయన రాశాడని కూడా చెప్పింది. మా డాబా మీంచి రోజూ చూసే శేషాచలం నీలం అదన్నమాట!

వెనక వస్తున్న మా ఆయన చెవిన ఇంకో ముక్క పడింది. ఈ ఆవిరి నుంచి నేల దగ్గర ఓజోన్ పుడుతుందని, అది ఊపిరితిత్తులకు చెడు చేస్తుందని. "చూశావా, చెట్లే పొల్యూషన్ అంట!" అన్నారు. మూడు నెలలుగా వాకిట్లో కానుగ కొట్టించి కారుకు షెడ్డు వేయాలని ఆయన పోరు. ఆ చెట్టు కింద నులకమంచం వేసుకుని మధ్యాహ్నాలు గడిపే మా అత్తమ్మకేమో ఆయాసం. నా గుండె జారింది.

"అవ్వకు ఏమన్నా అవుతుందా?" అని పాపను పక్కకు పిలిచి అడిగాను.

"చెట్టు ఒక్కటే ఏం చేస్తుందమ్మా? పాలున్నంత మాత్రాన పెరుగు అయిపోతుందా? తోడు వెయ్యాలి కదా. ఆ తోడు బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు. పైన ఎండ కాయాలి."

మన తిరుపతిలో ఎండకు కొదవా, బండ్లకు కొదవా?

ఆ మాట మా ఆయనకూ వినబడింది. మోకాళ్ళ మెట్టు దాకా పలకలేదు.

ఆదివారం రావాల్సిన మేస్త్రీ రాలేదు. ఎవరు వద్దన్నారో నేను అడగలేదు. కారు వీధిలోనే, కానుగ నీడలోనే ఉంది. అత్తమ్మ మంచం మాత్రం కారు పొగ తగలకుండా పెరటి వైపు జరిపాను.