వాగు గట్టున బోరు

పొదిలి దగ్గర మా బత్తాయి తోట పక్కనున్న వాగు గట్టు ఎండిపోయిందంటే వానలు లేకనేనని చాలా కాలం అందరికీ చెప్పాను. అది నిజం కాదు. కరువు కొంత ఎండబెట్టింది, మిగతాది నా బోరు ఎండబెట్టింది.

తోట వేసినప్పుడు గట్టు మీదే పాయింటు పెట్టించాను. ఈతచెట్లు, మద్దులు, కానుగలు, వావిలి పొదలు అంత పచ్చగా ఉన్నచోట నీళ్లు పడతాయని అందరూ అన్నారు. పడ్డాయి కూడా. ఆ పచ్చదనమంతా ఆ నీళ్లనే నమ్ముకుని ఉందన్న ఆలోచన నాకు రాలేదు. పైగా కేసింగ్ దింపించాం కదా అని ధీమా. చెట్ల నీళ్లు పైన, నా నీళ్లు బండ కింద అనుకున్నాను.

మా పడమటి ప్రకాశం నేల అలా ఉండదు. పైన కాస్త మన్ను, దాని కింద చివికిన రాయి, ఆ కింద గట్టి బండ. వాన నీళ్లు ఎక్కువగా దాగేది ఆ చివికిన రాతిలోనే. బండలో ఉండేవి నెర్రెలు, వాటిలోకి నీళ్లు దిగేదీ పైనుంచే. కేసింగ్ మన్ను కూలకుండా ఆపుతుంది గానీ, కింద మోటారు లాగుతుంటే పైనీళ్లు నెర్రెల్లోకి దిగిపోకుండా ఆపలేదు. వానలు వెనకబట్టాక వాగును తడిగా ఉంచేది కూడా ఆ పైనీళ్ల ఊటే.

దానికితోడు ఆటో స్టార్టర్. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడేది. ఉచిత కరెంటు కాబట్టి బిల్లు బాధ లేదు. పాదులు నిండి నీళ్లు దారిలోకి పోతున్నా లేచి వెళ్లి ఆపలేదు.

ముందు తుంగ పోయింది. నేను పట్టించుకోలేదు. తర్వాత వేసవుల్లో చెలమలు ఊరడం మానేశాయి. ఒకప్పుడు ఇసకలో మోచేతి లోతు తీస్తే నీళ్లు తేలేవి, తర్వాత నడుం లోతు తవ్వినా తడి ఇసకే. మద్దులకు చిటారు కొమ్మలు ఎండాయి. ఈతచెట్లకు కింది మట్టలు ఎండి వేలాడటం మామూలే కదా అనుకున్నాను. ఒకరోజు మొవ్వులోని లేత ఆకు పాలిపోయి కనిపిస్తే పట్టుకుని లాగాను. ఊడి చేతికొచ్చింది. మొవ్వు పోయిన ఈత మళ్లీ చిగురించదు. గిజిగాళ్లు గూళ్లు కట్టడమూ, చాపలల్లేవాళ్లు ఆకు కోసం రావడమూ దాంతోనే ఆగిపోయాయి.

ఆ ఖాళీలో సర్కారు తుమ్మ లేచింది. అమెరికాలోని అరిజోనాలో ఆ జాతి చెట్టు వేరు ఒకటి 50 మీటర్లకు పైగా లోతున గనిలో బయటపడింది. నీళ్లు దిగిపోయిన గట్టు మీద అలాంటి చెట్టే బతుకుతుంది.

2018 కరువులో నా బోరూ ఎండింది. అప్పుడైనా ఆగకుండా ఇంకా లోతుకు వేయించాను. లోతు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మా ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. వెలిగొండ ప్రాజెక్టు వస్తుందిలే, అన్నీ సర్దుకుంటాయిలే అనుకున్నాను. 1996లో శంకుస్థాపన జరిగిన ప్రాజెక్టు పేరు చెప్పుకుని గట్టును ఎండబెట్టాను.

తెలుసుకునే దారి లేక కాదు. 2003 తర్వాత ప్రకాశంతో కలిపి ఏడు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచి, వాన లెక్క చూసి, రబీలో ఏ పంట ఎంత వేయాలో ఊళ్లో కూర్చుని తేల్చుకున్న పథకం నడిచింది. ఆ లెక్కలో వాగు గట్టు చెట్లకూ ఒక వాటా రాయాలని ఇప్పుడు గట్టిగా అంటాను. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ఊరుమ్మడి తాగునీటి బావికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయకూడదు. వాగుకూ అలాంటి దూరం ఒకటి మనంతట మనమే పెట్టుకోవాలి.

గట్టు మీది బోరు ఆపేశాను. తోట తగ్గించి, ఉన్నదానికి డ్రిప్పు పెట్టాను. కానుగలు కొన్ని తేరుకున్నాయి. ఈతలు రాలేదు.

ఈ వేసవిలో పాయింటు చూపించుకునే రైతులను అడిగేది ఒకటే. గట్టు పచ్చగా ఉందని అక్కడ బోరు దించకండి, వాగుకు దూరంగా జరగండి. ఉన్న బోరుకు ఆటో స్టార్టర్ ఉంటే ఇవాళే తీసేయండి.