పది తలలు పెట్టిన మనిషి

సినిమా మొదలవగానే టైటిల్సు చదవడం నాకు చిన్నప్పటినుంచీ ఓ జబ్బు. హీరో పేరు పడగానే ఈలలు, హీరోయిన్ పేరు పడగానే మరో విడత ఈలలు... ఆ తరువాత పేర్లు ఎవరిక్కావాలి? సోడాలవాడి కేకల్లో కొట్టుకుపోతాయి. అలా కొట్టుకుపోయిన పేర్లలో ఒకటి రవికాంత్ నగాయిచ్. మా చోడవరంలో ఆ పేరు సరిగ్గా పలికినవాణ్ణి నేను చూడలేదు. 'నాగాచి' అన్నవాడే మహా పండితుడు!

మీలో చాలామంది ఆయన ఫోటో కూడా చూసి ఉండరు. కాని ఆయన పనితనం చూడని తెలుగువాడు అరుదు. 1961లో వచ్చిన 'సీతారామ కల్యాణం' టీవీలోనైనా చూశారు కదూ? రామారావుగారు తొలిసారి దర్శకత్వం వహించిన చిత్రం. రావణుడు కూడా ఆయనే. శివుణ్ణి మెప్పించడానికి గానం చేస్తూ ఆ రావణుడు పది తలలతో కనిపిస్తాడే... ఆ పది తలలూ పెట్టింది ఛాయాగ్రాహకుడు నగాయిచ్.

మా ఊరి టూరింగ్ టాకీసులోకి ఆ బొమ్మ మళ్ళీ వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. గోవాడ షుగర్ ఫ్యాక్టరీకి చెరకు తోలే రోజులు. నేలక్లాసులో సగంమంది బళ్ళవాళ్ళే. పది తలలు రాగానే పెద్ద తగవు.

"అట్టతో సేసిన బుర్రలేరా, ఏటనుకున్నావు?" అన్నాడొకడు.

"అట్టబుర్రలైతే అన్ని నోళ్ళూ ఎలాగాడతాయిరా?" అన్నాడు రెండోవాడు.

ఆట అయిపోయినా తగవు తెగలేదు. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి నేనూ చాలాసేపు తల తిప్పి చూసుకున్నాను. ఒకటే కనిపించింది!

ఆ కిటుకు తెలియడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. విశాఖపట్నంలో చదువుకుంటున్నప్పుడు, మద్రాసు స్టూడియోల్లో కొన్నాళ్ళు పనిచేసొచ్చిన ఒక ఫోటోగ్రాఫరు టీ హోటలు బల్లమీద అగ్గిపెట్టె పెట్టి సూత్రం చెప్పాడు. కెమెరాని కదలకుండా బిగిస్తారు. లెన్సు ముందు నల్ల మాస్కు పెట్టి, ఒక్క తల పట్టేంత చోటు మాత్రం తెరిచి ఉంచుతారు. పాట రికార్డు వేసి తీస్తారు. తరువాత ఫిల్మును సరిగ్గా మొదలుపెట్టిన ఫ్రేముకి వెనక్కి తిప్పుతారు. తీసిన చోటు మూసి, పక్క చోటు తెరిచి, అదే పాటకి మళ్ళీ తీస్తారు. ఇలా తలకోసారి.

వినడానికి తేలికే. లెక్కల మాస్టారిగా ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, నన్నడగండి ఇందులో ఎంత లెక్కుందో! సెకనుకి 24 ఫ్రేములు. తిప్పడంలో కాస్త తేడా వచ్చినా ఒక తల పెదవి ముందు, ఇంకో తల పెదవి వెనక. మాస్కు వెంట్రుకవాసి జరిగితే రెండు తలల మధ్య నల్ల గీత. తొమ్మిదో తల దగ్గర నటుడు అటూ ఇటూ జరిగాడా, ముందు తీసిన ఎనిమిదీ గంగపాలే. తీసింది అక్కడికక్కడ చూసుకోడానికి మానిటరు లేదు. ల్యాబులో కడిగి వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకోవడమే. ఆ పాటకోసం రామారావుగారు గంటల తరబడి కదలకుండా ఉన్నారని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. గొప్పే, ఎవరు కాదన్నారు? అన్ని గంటలూ కెమెరా వెనక నిలబడ్డవాడి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ట్రిక్కు పనివాడి కష్టం చూడండి. బాగా చేస్తే జనం దేవుడికి దణ్ణం పెడతారు. బాగా చెయ్యకపోతే మాత్రం "ఎవడ్రా ఇది తీసింది?" అంటారు!

1966లో 'శ్రీకృష్ణ పాండవీయం'కీ నగాయిచే ఛాయాగ్రాహకుడు. రామారావుగారే కృష్ణుడు, రామారావుగారే దుర్యోధనుడు. అదే ఏడాది సుందర్‌లాల్ నహతా, డూండీగార్లు కృష్ణగారితో 'గూఢచారి 116' తీశారు. దర్శకుడు మల్లికార్జునరావు, కెమెరా నగాయిచ్. ఆ కథనే నిర్మాతలు హిందీలో తియ్యాలనుకున్నప్పుడు దర్శకత్వం నగాయిచ్‌కి అప్పగించారు. అదే 1967 నాటి 'ఫర్జ్'. జితేంద్ర దశ తిరిగింది ఆ సినిమాతోనే.

ట్రిక్కు నుంచి దర్శకత్వానికి వెళ్ళడం హిందీలో కొత్త కాదు. 1937లో 'ఖ్వాబ్ కీ దునియా'లో నల్ల దారాలతో వస్తువుల్ని గాల్లో ఆడించిన బాబూభాయ్ మిస్త్రీ అప్పటికే 'సంపూర్ణ రామాయణ్', 'పారస్‌మణి' లాంటివి డైరెక్టు చేశారు. ఆయన మాత్రం తనకి తెలిసిన దేవతల దగ్గరే, మాయల దగ్గరే ఎక్కువగా ఉండిపోయారు. మనవాడు కిరీటాలు పక్కనపెట్టి పిస్తోలు పట్టుకున్నాడు.

నాకు నచ్చేదేమిటంటే, ఇంత ట్రిక్కులు తెలిసిన మనిషి 'ఫర్జ్'ని ట్రిక్కులమీద నిలబెట్టలేదు. పాటలు, పరుగులు, జితేంద్ర కాళ్ళలో ఉన్న హుషారు... వీటిమీద నడిపించాడు. తరువాత 1970లో రాజేష్ ఖన్నాతో 'ద ట్రెయిన్', 1973లో ధర్మేంద్రతో 'కీమత్', 1975లో పిల్లలకోసం 'రాణీ ఔర్ లాల్‌పరీ'. 1979లో మిథున్ చక్రవర్తిని గన్‌మాస్టర్ జి-9 చేసి 'సురక్షా' తీశాడు, 1981లో దాని కొనసాగింపుగా 'వార్‌దాత్'. ఇవి రెండూ విశాఖలోనే చూశాను. ఉన్నమాట చెప్పొద్దూ, 'వార్‌దాత్'లో పంటలమీద మిడతల దండు పడుతుంటే భయంకన్నా నవ్వే ఎక్కువొచ్చింది. పురాణంలో మాయని నమ్మడానికి మనం సిద్ధమై కూర్చుంటాం. గూఢచారి కథలో ఆ రాయితీ లేదు, ప్రతి బొమ్మా తనంతట తాను నమ్మించుకోవాలి. అయినా మిథున్‌ని మాస్ హీరోగా నిలబెట్టడంలో 'సురక్షా' వాటా చిన్నదేం కాదు.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మా మేనల్లుడు. హైదరాబాదులో ఒక గ్రాఫిక్సు కంపెనీలో నాలుగేళ్ళు రోటో పని చేశాడు. రోటో అంటే ఏమిటనుకున్నారు? నటుడి అంచు వెంబడి ఫ్రేము ఫ్రేముకీ గీత గియ్యడం. నగాయిచ్ నల్ల మాస్కే, కాకపోతే మౌసుతో! ఒక పెద్ద సినిమాకి ఎనిమిది నెలలు రాత్రింబవళ్ళు గీశాడు. రిలీజు రోజున మా చెల్లెలు ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళింది. జనమంతా వెళ్ళిపోయినా, తుడిచేవాళ్ళు చీపుళ్ళతో వచ్చేసినా కూర్చుని చివరి పేరుదాకా చదివాం. వాడి పేరు లేదు.

ఆ రాత్రే వాడన్నాడు, "డైరెక్షన్ చేస్తాను మావయ్యా" అని.

చెల్లెలు గగ్గోలు పెట్టింది. ఇంటిమీద అప్పుంది, సంబంధాలు చూస్తున్నారు. "ఆదివారాలు తీసుకో, ఉద్యోగం వదలకు" అని నేనూ అన్నాను. "నగాయిచ్ 'ఫర్జ్'ని ఆదివారాలు తీశాడా?" అన్నాడు. వాడికి ఆ కథ చెప్పింది నేనే కదా, నోరెలా పెగులుతుంది? జపాన్‌లో తకాషీ యమజాకీ అని ఒకాయన ఉన్నాడు. గ్రాఫిక్సు పనిలోంచి దర్శకుడై, 2023లో 'గాడ్జిల్లా మైనస్ వన్' తీసి, దానికి ఎఫెక్ట్సు కూడా తనే చూసుకుని 2024లో ఆస్కారు పుచ్చుకున్నాడు. ఆయన ఫోటో సెల్లులో చూపించాడు. చెల్లెలు చూసి "ఈయనకి పెళ్ళయిందా?" అంది.

సంక్రాంతి ముందు వాడు రాజీనామా చేసేశాడు. చెల్లెలు నాతో మాటలు మానేసింది.

పండక్కి వాడు చోడవరం వచ్చాడు. (మాది ఇప్పుడు విశాఖ జిల్లా కాదండోయ్, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. నోటికి మాత్రం ఇంకా విశాఖే వస్తుంది.) పది నిమిషాల చిన్న చిత్రం తీస్తాడట. వీధి భాగోతంలో రావణుడు కట్టే ముసలాయన కథ. వేషం నాకే అంటగట్టాడు. అరుగుమీద కుర్చీ వేసి, వెనక పచ్చగుడ్డ కట్టి, సెల్లుఫోను స్టాండుకి బిగించాడు.

"కంప్యూటరుంది కదరా, ఒక్కసారి తీసి అతికించుకో" అన్నాను.

"అన్ని తలలూ ఒకేలా ఉంటే నేలక్లాసువాడు అట్టబుర్రలనే అంటాడు. కంప్యూటరు కలుపుతుంది మావయ్యా, మెడ నిలబెట్టాల్సింది నువ్వే."

మూడో తల అయ్యేసరికి నా నడుం పట్టేసింది. కాఫీ గ్లాసుతో చెల్లెలు గుమ్మంలోకొచ్చింది. పచ్చగుడ్డ కేసి, కొడుకు కేసి, నా కేసి చూసింది.

"ఇంకా ఎన్ని తలలున్నాయన్నయ్యా?" అంది.

"ఏడు."

"అయితే తాగి కూచో" అని గ్లాసు చేతికిచ్చి, గుమ్మం పక్కనే కూలబడింది.