గుండాలకోన లొకేషన్ పంపమనే మిత్రులకి

మంగంపేట అనగానే మావైపు ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ముగ్గురాయి. అదేనండీ, బెరైటీస్. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువు. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడికి బావి ఎగదన్నకుండా ఆ బురదలో కలిపేది దీన్నే. హ్యూస్టన్లో ఆయిల్ కంపెనీలకి కోడు రాసే మనవాళ్ళలో ఎంతమందికి ఈ ఊరిపేరు తెలుసో మరి :)

గనుల దుమ్ము దాటి శేషాచలం అడవుల వైపు పోతే, అదే ఓబులవారిపల్లె మండలంలో గుండాలకోన. కొండల నడుమ జలపాతం, శివుడి గుడి. ఎండల సీమలో పుట్టినవాడికి రాతిమీంచి నీళ్ళు దూకుతుంటే చూడ్డం ఎంత అపురూపమో కోనసీమ మిత్రులకి చెప్పినా అర్థం కాదు. వాన పడితేనే దానికి ఆ అందం, మిగతా రోజుల్లో మాలాగే అదీ ఆకాశం వంక చూస్తుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి సరిగ్గా ముందు, ఈ కోన దగ్గర అడవిలో రాత్రిపూట నడిచిపోతున్న భక్తులమీద ఏనుగులు పడ్డాయి. ముగ్గురు చనిపోయారు. తమిళనాడు, కర్ణాటకల నుంచి 1980లలో చిత్తూరు అడవులకి ఏనుగులు రావడం మొదలైంది. ఇప్పుడు శేషాచలంలోనూ ఉన్నాయి. తాతలనాటి నడకదారే, కానీ ఆ దారిలో తాతలకి ఏనుగుల భయం లేదు. కాబట్టి "చీకట్లో ఎందుకు పోయారు?" అని ఏసీ రూములో కూర్చుని అడగడం నాకు నచ్చదు. పండగ రోజుల్లో ఆ దారిలో కాపలా ఎందుకు లేదని అడగాలి.

మన సంగతి వేరు. బెంగుళూరు నుంచి శుక్రవారం రాత్రి బయల్దేరి, తెల్లారేసరికి నీళ్ళకింద ఫోటో దిగి, బీరుసీసాలు అక్కడే పగలగొట్టి వచ్చే బ్యాచీలున్నాయి చూశారూ, వాళ్ళకి మొక్కూ లేదు, దారీ తెలీదు. ఈ కొండలు 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. ఎర్రచందనం సహజంగా పెరిగే నేల ప్రపంచంలో ఇక్కడే, ఈ చుట్టుపక్కలే. "ఎవరికీ తెలియని స్పాట్ చెప్పు గురూ" అని అడిగేవాళ్ళకి నేను తలకోన చెబుతాను. 270 అడుగుల జలపాతం, పక్కా రోడ్డు, టికెట్టు, అటవీశాఖ మనుషులు. అందరికీ తెలిసిందే కదా అంటారు. అందుకేగా చెప్పేది!

గుండాలకోనకే పోవాలంటే పగటిపూట పోండి, ముందు అటవీశాఖ వాళ్ళని అడగండి. వద్దంటే తిరిగి రండి. పిన్ను మాత్రం నన్నడక్కండి.