తుమ్మముళ్ళూ, రబ్బరు పాలూ

మొన్న శ్రావణమాసంలో ఒకనాటి ఉదయం పాత ఇనుప సామాను కొనే అతను మా వీధిలోకి వచ్చాడు. అరుగు మీద పేపరు చదువుకుంటున్న నన్ను దాటి, వసారాలోకి చూపు సారించి, "ఆ సైకిలు ఇచ్చేస్తారా, సారూ?" అన్నాడు.

ఇచ్చేద్దామన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో లోపలినుంచి మా ఆవిడ చేటతో సహా బయటికి వచ్చి, "అది అమ్మేది కాదు. వెళ్ళు నాయనా" అంది. అతను వెళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం వెళ్ళలేదు. నావంక ఒక చూపు చూసి, అప్పుడు వెళ్ళింది.

ఆ సైకిలు కథ చెప్పాలి. మాది నారాయణఖేడు దగ్గర మనూరు. ఒకప్పుడు మెదకు జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. నేను చుట్టుపక్కల పల్లెల్లో ముప్పైయేళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి. రెండేళ్ళ క్రితం మావాడు హైదరాబాదునుంచి, మొదటి జీతాలు కూడబెట్టి కొన్న గేర్ల సైకిలొకటి బస్సుమీద వేయించుకుని ఖేడులో దిగి, అక్కడినుంచి చేల గట్ల వెంబడి తొక్కుకుంటూ ఇల్లు చేరాడు. కొండలెక్కే సైకిలట. టైర్లు మా ఊరి ట్రాక్టరుకు తమ్ముళ్ళలా ఉన్నాయి.

ధర అడిగాను. చెప్పాడు. ఆ సమయానికి ఇంట్లో చుట్టాలున్నారు. "ఇల్లు కురుస్తూంటే ఇదా నీ సంపాదన? ఇంత చదివించింది సైకిలు తొక్కడానికా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. పదిమందిలో మాస్టారి నోరు తెరుచుకుంటే బెల్లు కొట్టేదాకా మూతపడదు గదా! వాడు మారు పలకలేదు. మర్నాడు తెల్లవారుజామున సైకిలు వసారాలో వదిలి బస్సెక్కాడు. అప్పటినుంచి ఆదివారం ఆదివారం ఫోను వస్తుంది, వాళ్ళమ్మకు. చివర్లో ఫోను నా చేతికి వస్తుంది. "బాగున్నారా, బాపూ?" "ఆఁ, బాగున్నా." అంతే.

ఇనుప సామానువాడు వెళ్ళిన మధ్యాహ్నం ఎందుకో ఆ సైకిలు దుమ్ము దులిపాను. రెండు టైర్లూ చతికిలబడి ఉన్నాయి. నడిపించుకుంటూ బజారులో సైకిల్ టాక్సీ దగ్గరికి తీసుకువెళ్ళాను. అతను బొటనవేళ్ళతో టైరు అంచును నొక్కి నొక్కి, రిమ్మునుంచి ఊడదీసి, "దీనిలో ట్యూబు లేదు, సారూ. ఇందులో పాలు పోస్తారు. ఎండిపోయినయి. ఇవన్నీ గోకితేగానీ గాలి నిలవదు. నాకు తీరిక లేదు, మీరే చేసుకోండి" అన్నాడు. "పెట్రోలుతో కడిగితే?" అన్నాను. "అయ్యో! రబ్బరు ఉబ్బిపోతది" అన్నాడు.

ఈ పాలంటే ఏమిటో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. రబ్బరు చెట్టునుంచి కారే పాలే. మన మర్రి కొమ్మ గిల్లినా, జిల్లేడు ఆకు తుంచినా వచ్చేది అలాంటిదే. అది గడ్డకట్టకుండా అమ్మోనియా కలుపుతారు, సన్నని పీచూ పొడీ చేరుస్తారు. టైరులో పోస్తే చక్రం తిరుగుతున్నంతసేపూ లోపలంతా పారాడుతుంది. ముల్లు గుచ్చుకుని రంధ్రం పడగానే గాలి అటు తోస్తుంది. పాలు ఆ రంధ్రంలోకి దూరి గడ్డకట్టి, మూత వేస్తాయి. తొక్కేవాడికి పంక్చరయిన సంగతే తెలియదు. అయితే నీరు ఆవిరైపోతే పాలన్నీ పొరై కూర్చుంటాయి. చల్లని దేశాల్లో కొన్ని నెలలు నిలుస్తాయిగాని, మన ఎండలకు ఇంకా తొందరగా ఆరిపోతాయి. ఈ సైకిలు మీదుగా రెండు వేసవులు వెళ్ళిపోయాయి మరి!

టైరు తిరగేసి చూద్దును గదా, లోపలంతా గంజి ఎండినట్టు తెల్లటి పొర. అక్కడక్కడ ఉండలు. మొదట కత్తిపీట దగ్గరికి వెళ్ళబోయి, టైరు కోసుకుపోతుందని ఆగాను. గోళ్ళతో గోకితే గోరంత వచ్చింది. గోరువెచ్చని నీళ్ళలో సబ్బు కలిపి గంటసేపు నానబెట్టి బట్టల బ్రష్షుతో రుద్దాను. వదులుగా ఉన్నది ఊడింది, మొండిది మొండికేసింది. నీడలో ఆరబెట్టి మళ్ళీ కూర్చున్నాను.

అప్పుడు కనిపించాయి ముళ్ళు. మా నల్లరేగడి చేల గట్లమీద సర్కారు తుమ్మకు కొదవలేదు. టైరు లోపలివైపు ముల్లు మొన పొడుచుకు వచ్చిన ప్రతి చోటా ఒక తెల్లని బొడిపె. లెక్కల మాస్టర్ని గనుక లెక్కపెట్టాను. ముందు టైరులో పదకొండు, వెనక దానిలో ఏడు. వాడు ఖేడునుంచి ఇంటిదాకా పద్దెనిమిది ముళ్ళమీదుగా వచ్చాడు. ఒక్కచోటా దిగి నడవలేదు.

నా ఉద్యోగమంతా ఆ ముళ్ళతోనే గడిచింది. వారానికి ఒకటి రెండు పంక్చర్లు తప్పేవి కావు. మావాడు నా బడిలోనే చదివినన్నాళ్ళు వెనక క్యారియరు మీద కూర్చునేవాడు. సగం దారిలో 'స్స్' మనగానే వాడే ముందు దిగేవాడు. ఎండలో నేను హాండిలు పట్టుకుంటే వాడు వెనకనుంచి తోసేవాడు. ముళ్ళనూ, దారినీ, సర్కారునూ తిట్టుకుంటూ నేను నడిచేవాణ్ణి. వాడు వింటూ నడిచేవాడు.

"ఏమండీ, అలా గోకితే రేపటికి కూడా తెమలదు" అంటూ మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. "చేతికి తడిపిండి అంటుకుంటే నేనేం చేస్తాను? నీళ్ళు పోస్తే జిగురవుతుంది. పొడిపిండి వేసి రుద్దితే ఉండలుగా రాలిపోతుంది. పిండిని పిండితోనే వదిలించాలి."

ఆవిడ బొటనవేలితో పొర అంచును ఒక్కచోట నలిపింది. అంచు లేచి చుట్టుకుంది. ఆ చుట్టను ఉండచేసి, దానితోనే పక్కన అద్దింది. ఉండకు పొర అతుక్కుని లేచి వచ్చింది! ఆలోచిస్తే సబబుగానే ఉంది. టైరు రబ్బరు గంధకంతో ఉడికిన రబ్బరు. అమెరికాలో గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టిన పద్ధతి అది. ఈ పాలపొర ఉడకని పచ్చి రబ్బరు. అందుకే టైరుకన్న తనకు తానే ఎక్కువగా అంటుకుంటుంది. పొద్దుగూకేసరికి రెండు టైర్లూ శుభ్రపడ్డాయి. లోపల కొద్దిగా మరక మిగిలినా ఫరవాలేదు గాని, రిమ్ముకు పట్టే అంచు మాత్రం నున్నగా ఉండాలి. గాలి ఆగేది అక్కడే. వాల్వులో అడ్డుపడ్డదాన్ని సూదితో తీశాను. నిమ్మకాయంత రబ్బరు ఉండ తయారయింది.

చక్రాలు బిగించి, సరదాకు సీటెక్కి కూర్చున్నాను. రెండు కాళ్ళూ నేలకు చక్కగా అందాయి.

"నాకు కొలిచినట్టుందే!" అన్నాను.

"కొలిచిందే" అంది ఆవిడ. "వాడు మీకన్న జానెడు పొడుగు. ఆ సీటు మీద కూర్చుంటే వాడి మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఇంటికి వచ్చిన సాయంత్రం మీ పాత సైకిలు పక్కన నిలబెట్టి దించాడు. బాపుకు చక్కెర వ్యాధి వచ్చింది, నడిస్తే మోకాళ్ళు నొప్పి, ముళ్ళ బాధ లేని సైకిలు చూశానమ్మా అన్నాడు. మీరు చెప్పనిచ్చారా?"

గాలి టైరుకు 1888లో పేటెంటు పుచ్చుకున్న డన్లప్ అనే పశువుల డాక్టరు, దాన్ని మొదట తన కొడుకు మూడు చక్రాల బండికోసమే చేశాడట. ఈ కథను నేనే ఎన్నోసార్లు బడిలో పిల్లలకు చెప్పాను. ఆ రాత్రి నిద్రపట్టక అది గుర్తుకొచ్చింది.

మర్నాడు ఆదివారం కాదు. అయినా ఫోను చేశాను.

"ఒరే, ఆ పాలు టైరుకు ఎంత పోయాలిరా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. "వంద మిల్లీలీటర్ల దాకా, బాపూ. ముందు ఎండినవి తీయాలి."

"తీశాం. ఎన్నాళ్ళుంటాయి?"

"మన ఎండలకు రెండు మూడు నెలలు. తరువాత మళ్ళీ పోస్తుండాలి."

"ప్రతిసారీ ఎవడు పోస్తాడురా? నాకేం తెలుసు?"

"నేనొచ్చి పోస్తాను" అన్నాడు.

దసరాకు సీసా తీసుకుని వస్తున్నాడు. రబ్బరు ఉండను పక్కింటి కుర్రాడు బంతి చేసుకుని ఆడుతున్నాడు. పండగ దాకా పారేయవద్దని వాడికి మరీ మరీ చెప్పాను.