క్యూ పక్కన యూ లేకపోతే

నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్న శామీర్‌పేటలోనూ, పక్కనున్న మేడ్చల్‌లోనూ ఇంగ్లీషంటే బెదిరిపోయే బడిపిల్లల్ని చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆ బెదురు వదిలించే ఆట, అక్షరాల బిళ్ళలతో ఇంగ్లీషు మాటలు కూర్చే స్క్రాబుల్. 1930లలో ఉద్యోగం పోయిన అమెరికా ఆర్కిటెక్టు ఆల్ఫ్రెడ్ బట్స్, పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కగట్టి దాన్ని తయారుచేశాడు. 100 బిళ్ళల్లో క్యూ ఒక్కటే, విలువ 10. మామూలుగా దానికి తోడొచ్చే యూ పక్కన లేకపోతే దిక్కేమిటి? ఐ చాలు! ప్రాణశక్తికి చైనావాళ్ళు వాడే ‘చీ’ అయిపోతుంది. ఆట నిఘంటువు ఒప్పుకుంటుంది. జెడ్ వస్తే ఓ కలపండి, ‘జో’: ఆవుకూ యాక్‌కూ పుట్టే హిమాలయ పశువు. ఎంత చిన్న మాటలో ఎంత ప్రపంచం! రెండక్షరాలతో గెలిచిన పిల్ల రేపు పెద్ద మాటకూ జంకదు. మీ ఊరి బడికో, గ్రంథాలయానికో ఒక స్క్రాబుల్ పెట్టె కొనివ్వండి.