ఆ గంపల్లో విత్తనాలు పదిలం!

హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే రహదారిలో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ ఉంది. 1972లో ఏర్పాటైన ఈ అంతర్జాతీయ పరిశోధన సంస్థలో ఓ విత్తన నిధి ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ... ఇలా లక్షకు పైగా నమూనాలు. మైనస్ 20 డిగ్రీల చలిలో అక్కడ విత్తనాలు ఏళ్ల తరబడి నిద్రపోతుంటాయి. అదే రోడ్డు మీద ఇంకా ముందుకెళితే జహీరాబాద్. ఆ చుట్టుపక్కల పల్లెల్లోనూ విత్తన నిధులున్నాయి. కాకపోతే వాటికి కరెంటుతో పనిలేదు. వెదురు గంప, ఇంత బూడిద, కాసిని వేపాకులు చాలు!

జహీరాబాద్ కర్ణాటక సరిహద్దు. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. పొలాల్లోకి దిగితే కొన్నిచోట్ల ఎర్ర నేల, కొన్నిచోట్ల నల్లరేగడి. నీళ్లున్నవాళ్లు చెరకు వేస్తారు. లేనివాళ్లకు వానే దిక్కు. ఆ వాననే నమ్ముకున్న పేద మహిళలు, ఎక్కువగా దళిత మహిళలు, పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడుతో ఊరూరా సంఘాలు కట్టారు. బీడు పడ్డ చెలకల్ని సాగులోకి తెచ్చారు. ఆ చెలకల్లో వేయడానికి పాత విత్తనం కావాల్సి వచ్చింది. ఎవరింట్లో ఏ మూల గంపలో ఏముందో వెతికి, పిడికెడు దొరికితే దాన్నే విత్తి పెంచుకుంటూ వచ్చారు.

ఇప్పుడు ఆ గంపల్లో ఏమున్నాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఒక్క జొన్నలోనే పచ్చ జొన్న, ఎర్ర జొన్న, తెల్ల మల్లె జొన్న, పేరు వింటేనే నవ్వొచ్చే అత్తకోడళ్ల జొన్న! ఇక సజ్జలు, కొర్రలు, సామలు, తైదలు (మనలో కొందరు రాగులంటారు), కందులు, అనుములు, బొబ్బర్లు, కుసుమలు, అవిసెలు. ఒకే చెలకలో పది పదిహేను రకాలు కలిపి వేయడం ఇక్కడి పద్ధతి. వాన ముందొచ్చినా వెనకొచ్చినా ఏదో ఒకటి చేతికొస్తుంది.

సరే, దాచుకోవడమంటే మిగిలిన గింజల్ని డబ్బాలో పోసి మూత పెట్టడమేనా? కాదు. అసలు పని పంట ఇంకా నిలబడి ఉన్నప్పుడే మొదలవుతుంది. కోతకు ముందు చేలో తిరుగుతూ బలమైన కంకుల్ని చూసుకోవాలి. కంకి పెద్దదైతే సరిపోదు. మొక్కకు తెగులు లేకుండా ఉండాలి, గింజ నిండుగా పట్టాలి, ఆ రకానికి ఉండాల్సిన రంగే ఉండాలి. వాటిని విడిగా కోసి, విడిగా ఎండబెట్టి, విడిగా కొట్టాలి. కల్లంలో అంతా కుప్పపోశాక ఏరుదామంటే కుదరదు. గింజ మాత్రమే కనిపిస్తుంది, తల్లి మొక్క ఎలా ఉందో ఎవరు చెబుతారు?

అన్ని పంటలకూ ఒకే లెక్క పనికిరాదు. జొన్న చాలావరకు తన పుప్పొడితోనే గింజ కడుతుంది. అందుకని రకం అంత తొందరగా చెడదు. సజ్జ అలా కాదు. గాలికి పక్క చేను పుప్పొడి వచ్చి పడుతుంది. పక్కన హైబ్రిడ్ సజ్జ ఉంటే నాలుగైదేళ్లలో పాత రకం పోలికే మారిపోవచ్చు. కాబట్టి గట్టు పక్క కంకుల్ని వదిలేసి చేను నడిమధ్య నుంచి ఏరుకోవడం మంచిది. అదీ ఒకటి రెండు మంచి కంకులైతే లాభం లేదు. చాలా మొక్కల నుంచి తలా కాస్త తీసుకోవాలి. లేకపోతే తరాలు గడిచేకొద్దీ చేను నీరసిస్తుంది. కందికి తేనెటీగలతో ఇదే తంటా. ఇక హైబ్రిడ్ గింజనే మళ్లీ విత్తితే? మొలుస్తుంది, కానీ మొక్కకో తీరుగా ఉంటుంది. అందుకే ఏటా కొత్త ప్యాకెట్ కొనాల్సిందే.

ఏరిన విత్తనాన్ని బాగా ఎండనిచ్చి, బూడిద, వేపాకు కలిపి గంపలో పోస్తారు. కందుల్లాంటి పప్పుధాన్యాలకు ఎర్రమట్టి పట్టిస్తారు. పైన మట్టీ పేడా కలిపి అలికేస్తారు. గాలి ఆడదు, పురుగు దూరదు. ఈ పనంతా ఆడవాళ్లదే. ఇంట్లో గింజలు నిండుకున్నా ఆ గంప జోలికి వెళ్లరు. కరవు ఏడాదిలో ఇది ఎంత కష్టమైన మాటో పిల్లలున్న ఇల్లు నడిపినవాళ్లకు తెలుస్తుంది. సంఘం దగ్గర విత్తనానికి డబ్బు లెక్కలుండవు. తీసుకున్నవాళ్లు పంట వచ్చాక తీసుకున్నదానికి రెట్టింపు తిరిగివ్వాలి.

ఏటా సంక్రాంతికి ఈ గంపలు ఎడ్లబండ్లెక్కుతాయి. పాత పంటల జాతర పేరుతో దాదాపు నెల రోజుల పాటు ఊరూరా తిరుగుతాయి. సొసైటీకి మొదటి నుంచీ వెన్నుదన్నుగా నిలిచిన పి.వి.సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. సొసైటీకి అనుబంధంగా ఉన్న మహిళా సంఘాల పనికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి దక్కింది. సొంత విత్తనాన్ని దాచుకోవడానికీ, ఇచ్చిపుచ్చుకోవడానికీ, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవడానికీ 2001 నాటి చట్టం రైతుకు హక్కిచ్చింది.

హక్కుంది సరే, కంకిని చూసి ఇది విత్తనానికి, ఇది తిండికి అని చెప్పే కన్ను ఎవరికుంది? పుస్తకం చదివితే వచ్చేది కాదది. అత్త వెంట నాలుగైదు కోతలకు చేలో తిరిగితే కోడలికి వస్తుంది. ఆ కోడళ్లలో కొందరు ఇప్పుడు పొద్దున్నే ఫ్యాక్టరీ పనికి వెళుతున్నారు. కొన్ని చెలకలు పత్తికి మారాయి. చలిగదిలో గింజ చాలా ఏళ్లు ఆగుతుంది గానీ, గంపలో గింజ అలా ఆగదు. నాలుగైదేళ్లు విత్తకపోతే మొలక చచ్చిపోతుంది.

అందుకే మృగశిర దగ్గరపడగానే అలికిన మట్టి పగలగొట్టి ముందుగా ఓ గుప్పెడు బయటికి తీస్తారు. తడిబట్టలో మూటగట్టి, రెండు మూడు రోజులాగి విప్పి లెక్కపెడతారు. పదింటికి ఎనిమిదో తొమ్మిదో మొలిస్తే దిగుల్లేదు. ఆరేడైతే కాస్త ఒత్తుగా విత్తుతారు. అంతకన్నా తగ్గితే మాత్రం ఖాళీ గంప చంకనబెట్టుకుని పక్కూరి సంఘానికి నడవాల్సిందే.